గిన్నె మీద పేరు

తెలుగులో గత కొన్నేళ్ళుగా ఒక రకం వ్యాసం బాగా స్థిరపడింది. దానికి వేరే పేరేదీ వినలేదు కాబట్టి ‘మన్నిక వ్యాసం’ అందాం. మీరూ చదివే ఉంటారు. ఒక పాత వస్తువు ఉంటుంది. పాతికేళ్ళ కుక్కరో, ఇత్తడి గుండిగో, ఇనప బీరువానో, కుట్టు మిషనో, పెరట్లో ఏ డబ్బా తెరిచినా గుప్పుమనే పురుగుల పొడో. రచయిత సెలవులకి ఊరెళ్తాడు. అటక మీంచి దాన్ని దించుతాడు, దుమ్ము తుడుస్తాడు. ఆశ్చర్యం, అది ఇంకా పనిచేస్తుంది! ఇన్నేళ్ళలో ఒక్కసారీ మమ్మల్ని మోసం చెయ్యలేదన్న అర్థం వచ్చే వాక్యం ఒకటి పడుతుంది. ఆ తర్వాత వారంటీ అయిపోయిన మర్నాడే పాడయ్యే ఇప్పటి వస్తువుల మీద రెండు విసుర్లు. ఆఖర్న, అప్పటి మనుషులూ అలాగే గట్టిగా ఉండేవాళ్ళని ఒక నిట్టూర్పు.

వీటిని వెక్కిరించడం తేలిక. కానీ నేను వీటికి గట్టి పాఠకుణ్ణి, కంటపడినది ఏదీ వదలను. కుంపటి, పట్టకారు, మసిగుడ్డ, కవ్వం, ఉట్టి లాంటి మాటల్ని మా తరానికి ఇంకా అందిస్తున్నది ఈ వ్యాసాలే. గంజి వార్చడానికి వాడే సిబ్బి ఎలా ఉంటుందో నాకు ఇలాంటి ఒక వ్యాసంలోనే తెలిసింది. వస్తువుని దగ్గరగా చూడటం, దాని బరువు, వాసన, చప్పుడు చెప్పగలగడం చిన్న విషయమేమీ కాదు. మన కథల్లో పాత్రలు ‘ఏదో వంట’ చేస్తూ ‘ఏదో సామాను’ సర్దుతూ ఎన్ని పేజీలు గడిపేస్తాయో గుర్తుచేసుకోండి, ఈ వ్యాసాల విలువ తెలుస్తుంది.

నా పేచీ అంతా వీటిలోని క్రియలతో.

తెలుగులో చాలా క్రియలు జంటలుగా ఉంటాయి. ఉడుకు, ఉడికించు. ఆరు, ఆరబెట్టు. పగులు, పగలగొట్టు. చెడు, చెడగొట్టు. మొదటి దాంట్లో పని దానంతటదే అయిపోతుంది, రెండో దాంట్లో ఎవరో చేస్తారు. స్కూల్లో అకర్మకం, సకర్మకం అని బట్టీ పట్టి పరీక్ష కాగానే మర్చిపోయిన సంగతే. ఇప్పుడు ఏదైనా మన్నిక వ్యాసం తీసి చూడండి. వస్తువు బాగున్న చోటల్లా మొదటి రకం క్రియలే కనిపిస్తాయి. కుక్కర్ పాతికేళ్ళు మన్నింది. గిన్నె తళతళా మెరిసింది. ఆవకాయ ఏడాదంతా నిలిచింది. అదే వస్తువు పాడైందనుకోండి, ఇళ్ళల్లో ఏం వినబడుతుందో మీకూ తెలుసు. “జాడీ పగిలింది” అని ఎవరైనా అనబోతే, వాక్యం పూర్తి కాకుండానే అవతల్నించి “ఎవరు పగలగొట్టారు?” అని వస్తుంది. మన్నితే వస్తువు గొప్పతనం. పగిలితే మాత్రం కర్త కావాలి, ఆ కర్త చాలాసార్లు వంటింట్లోనే దొరుకుతుంది.

మీకు స్టీలు గిన్నెల మీద పేర్లు కొట్టించడం గుర్తుందా? స్టీలు సామాన్ల షాపులో ఒకతను బుర్రుమని చప్పుడు చేసే చిన్న మిషను పట్టుకుని కూర్చునేవాడు. చుక్కలు చుక్కలుగా అక్షరాలు పడేవి. మా ఇంట్లో ప్రతి గిన్నె మీదా మా నాన్న పేరు, ఇంటిపేరు పొడి అక్షరంతో సహా ఉంటుంది. కొన్నిటి మీద పెళ్ళి తేదీ కూడా. ఆయనకి ఆ గిన్నెల్లో ఏది ఎక్కడుంటుందో ఇప్పటికీ తెలియదు. పెళ్ళిళ్ళలో, వ్రతాల్లో పది ఇళ్ళ సామాను కలిసిపోయినప్పుడు ఎవరి గిన్నె ఎవరిదో తేల్చుకోవడానికి ఆ పేరు ఉండాల్సిందే అంటారు. నిజమే. కానీ అలా తేల్చుకుని ఏరుకొచ్చేది అమ్మ, ఏరడానికి చూసే పేరు నాన్నది.

ఈ గిన్నెల మీది పేర్ల సంగతి తెలుగు కవిత్వంలో ముందే వచ్చేసింది. విమల రాసిన ‘వంటిల్లు’ కవితలో వంటింటికి అమ్మే రాణి, గిన్నెల మీద ఉన్నదేమో నాన్న పేరు అన్న గమనింపు ఉంది. ఆ కవితని స్త్రీవాద కవిత్వం అన్న అరలో పెట్టేసి, పరీక్షల కోసమో ప్రసంగాల కోసమో బయటికి తీస్తుంటాం. నాకు మాత్రం మన్నిక వ్యాసాలన్నిటికీ ముందుగానే రాసిపెట్టిన జవాబులా కనిపిస్తుంది. ఎందుకంటే విమల కూడా అచ్చం ఆ వ్యాసకర్తలాగే మొదలుపెడుతుంది. చిన్నప్పటి వంటిల్లు, వాసనలు, రుచులు, ఆ చోటు మీద పసిపిల్లకి ఉండే మోజు, అన్నీ ఉంటాయి. మన వ్యాసకర్త ఆగిపోయే చోట ఆమె ఆగదు. ఆ పసిపిల్ల పెద్దదై అదే వంటింట్లో గరిటె పట్టుకునేదాకా వెళ్తుంది. అప్పుడు అవే డబ్బాలు, అవే గిన్నెలు వేరేగా కనబడతాయి. మన్నిక వ్యాసాలు రాసేవాళ్ళలో ఎక్కువమంది వంటింటి గుమ్మం దగ్గర నిలబడి తినడానికేమైనా ఉందా అని అడిగిన పిల్లలు. వాళ్ళ జ్ఞాపకం అబద్ధమని కాదు, అది గుమ్మం దగ్గరి జ్ఞాపకం.

ఇక్కడ నా ఉద్యోగం గురించి కొంచెం చెప్పాలి. నేను సాఫ్ట్‌వేర్‌లో, సర్వర్లు పడిపోకుండా చూసే పనిలో ఉన్నాను. నమ్మకమైన వ్యవస్థ అంటే ఏమిటో మా దగ్గర రెండు అంకెలతో కొలుస్తారు. పాడవకుండా సగటున ఎంతకాలం నడిచింది అనేది ఒకటి. పాడయ్యాక మళ్ళీ ఎంతసేపట్లో లేచింది అనేది రెండోది. బయటివాళ్ళంతా మొదటి అంకెనే చూస్తారు, మాకు నిద్ర లేకుండా చేసేది రెండోది. ఒక లెక్క చూడండి. నెలకోసారి పాడై, ప్రతిసారీ 10 నిమిషాల్లో బాగయ్యే వస్తువు ఏడాదికి 2 గంటలే పని మానేస్తుంది. ఏడాదికి ఒకే ఒక్కసారి పాడై, 4 రోజులు సర్వీస్ సెంటర్లో కూర్చునే వస్తువు 96 గంటలు మానేస్తుంది. తరచుగా పాడైన వస్తువే ఎక్కువ నమ్మకమైనదిగా తేలుతుంది. పాత సామాను రహస్యమంతా ఇందులోనే ఉంది. అవి పాడయ్యేవి, బాగా పాడయ్యేవి, కానీ చిటికెలో బాగయ్యేవి.

ప్రెషర్ కుక్కర్‌నే తీసుకోండి. 1679లో డెనీ పాపిన్ అనే ఫ్రెంచాయన ఆవిరిని బంధించి ఎముకల్ని కూడా మెత్తబరిచే పాత్రని తయారుచేసి లండన్‌లో రాయల్ సొసైటీ వాళ్ళకి చూపించాడు. అది పేలిపోతుందన్న భయంతో ఆవిరి తోసుకుని పోయేలా ఒక వాల్వు చేర్చింది కూడా ఆయనే. మన దేశంలో హాకిన్స్ కుక్కర్ల తయారీ 1959లో మొదలైంది. సూత్రం మారలేదు. మూత మీది వెయిట్ చదరపు సెంటీమీటరుకి ఒక కిలో చొప్పున ఆవిరిని అదిమిపట్టి ఉంచుతుంది, అందువల్ల లోపలి నీళ్ళు 100 డిగ్రీల దగ్గర కాకుండా దాదాపు 120 దగ్గర మరుగుతాయి, కందిపప్పు మూడు విజిల్స్‌కి మెత్తబడుతుంది. ఈ మొత్తం యంత్రంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం సేఫ్టీ వాల్వు. అది ఓడిపోవడం కోసమే పుట్టింది. ఆవిరి దారి మూసుకుపోయి వేడి హద్దు దాటితే మధ్యలో ఉన్న మెత్తటి మిశ్రమలోహం కరిగి కన్నం పడుతుంది, పప్పు వంటింటి కప్పుకి అంటుకుంటుంది, మనుషులు బతుకుతారు. ‘ఎప్పుడూ మోసం చెయ్యని’ వస్తువు అని మనం పొగిడేదాని లోపల, తప్పకుండా మోసం చెయ్యాలని పెట్టిన భాగం ఒకటి ఉంది. అది మోసం చెయ్యకపోతే కుక్కర్ బాంబు అవుతుంది.

కానీ రోజువారీ కథ వాల్వుది కాదు, గాస్కెట్‌ది. రబ్బరు వదులవుతుంది, గట్టిపడుతుంది, పక్కల్నించి ఆవిరి తన్నేస్తుంది. “ఒరే, ఆ గాస్కెట్ తీసి చన్నీళ్ళలో వెయ్యరా” అన్నది మా ఇంట్లో నేను అన్నిటికంటే ఎక్కువసార్లు విన్న ఆజ్ఞ. చన్నీళ్ళలో వేస్తే కొంచెం బిగుస్తుంది. మరీ కారుతుంటే మూత అంచున గోధుమపిండి ముద్ద మెత్తేది. విజిల్ రాకపోతే వెయిట్ తీసి, చీపురుపుల్లతో ఆవిరి గొట్టం పొడిచేది. అడుగున నీళ్ళలో నిమ్మచెక్కో, చింతపండు పిప్పో పడేసేది, అల్యూమినియం నల్లబడకుండా. హ్యాండిల్ స్క్రూలు బిగించడానికి కూరలు కోసే కత్తి మొన చాలు. ఆ కత్తికి మొన లేకపోవడానికి కారణం అదే. మా కుక్కర్ పాతికేళ్ళు ‘మన్నింది’ అంటే, నా లెక్క ప్రకారం మా అమ్మ పాతికేళ్ళు సెలవు లేని ఆన్‌కాల్ డ్యూటీ చేసింది. మాకు ఆన్‌కాల్ వారానికి విడిగా డబ్బులిస్తారు, రాత్రి రెండింటికి లేస్తే మర్నాడు ఆలస్యంగా రావచ్చు. ఎవరు ఎన్నిసార్లు లేచారో పట్టిక ఉంటుంది. అమ్మ పనికి పట్టిక లేదు. కుక్కర్ మీద మాత్రం కంపెనీ పేరు అచ్చొత్తి ఉంది.

మిగిలినవాటిని చూసి మురిసిపోవడంలో ఇంకో తమాషా కూడా ఉంది. అటక మీద దొరికేవి బతికి బట్టకట్టినవి మాత్రమే. ఏడాదికే మట్టయిపోయిన మిక్సీలు, తుప్పు పట్టిన డబ్బాలు, అడుగు ఊడిన బకెట్లు ఎప్పుడో పాత సామానువాడి తక్కెట్లోకి పోయాయి. వాటి మీద వ్యాసం రాయడానికి ఎవరికీ ఏమీ దొరకదు. సరే, ఇది చాలామంది చెప్పిందే, వదిలేద్దాం.

ఇత్తడి సంగతి మాత్రం వదలడానికి వీల్లేదు. ఎందుకంటే అది అటక మీద లేదు, మన ఫ్లాట్లలోకి వచ్చేసింది. ఈ వ్యాసాలు చదివి, ఆ ఫొటోలు చూసి, ఇత్తడి గిన్నెలు, ఇనప మూకుళ్ళు, రాతి చిప్పలు ఆన్‌లైన్లో తెప్పించుకుంటున్న వయసు మాదే. అమ్మమ్మల వంట, ఆరోగ్యం, ప్లాస్టిక్ లేని ఇల్లు. మంచిదే. అయితే ఇత్తడి గిన్నె ‘తరతరాలు మన్నింది’ అని రాసేవాళ్ళు కళాయి గురించి ఒక్క వాక్యంతో సరిపెడతారు. ఇత్తడిలో రాగి ఉంటుంది. పులుపు తగిలితే చిలుం పట్టి తిండి విషమవుతుంది. అందుకని లోపల తగరం పూత వేస్తారు. కళాయి వేసేవాడు వీధిలో బొగ్గుల కొలిమి పెట్టి, తోలు తిత్తి ఊది, గిన్నెని కాల్చి, నవాసారం చల్లి, తగరం కడ్డీని తాకించి, దూదితో ఒక్క తిప్పు తిప్పేవాడు. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి అంత చిన్న కొలిమి చాలేది. తెల్లటి పొగ లేచేది, ఆ పొగంతా అతని ఊపిరితిత్తుల్లోకే. ఆ పూత అరిగిపోతుంది, మళ్ళీ వెయ్యాలి, మళ్ళీ అరుగుతుంది. అంటే తరతరాలు మన్నినది ఇత్తడితో పాటు, కొన్ని నెలలకోసారి వీధిలోకి వచ్చిన ఒక మనిషి రాక కూడా. ఆ రాక ఆగింది, గిన్నె అటకెక్కింది.

ఇంక బయటివైపు తోమడం ఉంది. చింతపండు, ఉప్పు, ముగ్గు, బోలెడు భుజబలం. హైదరాబాద్‌లో మా ఫ్లాట్‌కి పనికొచ్చే ఆవిడ మా కొత్త ఇత్తడి గిన్నెని అటూ ఇటూ తిప్పి చూసి, “అన్నా, ఇది నాతోని కాదు. రుద్ది రుద్ది చేతులు మంట పుడ్తయ్. అక్కని స్టీలే వాడమను” అంది. ఈ మధ్యకాలంలో పాత వస్తువుల మీద నేను విన్న విమర్శల్లో ఇంత సూటిగా ఉన్నది ఇంకొకటి లేదు. వాళ్ళ ఇంట్లో ఇత్తడి ఉండేదట. వాళ్ళ అమ్మ అమ్మేసి స్టీలు కొనుక్కుందట, కొనుక్కున్న రోజు పండగలా ఉందట. మన వ్యాసాల్లో స్టీలు రావడం ఎప్పుడూ పతనానికి గుర్తే. ఆ పండగని ఎవరూ రాసినట్టు నాకు కనబడలేదు.

పెరట్లోకి వెళ్దాం. గమాక్సిన్ పొడి మీద కూడా ముద్దుగా రాసినవి చదివాను. గుమ్మం బయట తెల్లటి గీత, చీమ ఒక్కటి దాటేది కాదు, ఇప్పటి స్ప్రేలు దాని ముందు దిగదుడుపు, ఇలా. నిజంగానే దిగదుడుపు. గమాక్సిన్ అంటే బి.హెచ్.సి. అది అంత బాగా పనిచెయ్యడానికి కారణం, అది ఒక పట్టాన పోకపోవడం. ఎండకి, వానకి, మట్టికి లొంగదు. మట్టిలో ఏళ్ళ తరబడి ఉండి, మేతలోకి వచ్చి, పాలలోకి వచ్చి, ఒంట్లో కొవ్వులో కాపురం పెడుతుంది. మన దేశంలో 1997 ఏప్రిల్ నుంచి దాన్ని పూర్తిగా నిషేధించారు. పొలాల్లో దానికి అన్నలాంటి ఎండ్రిన్‌ని అంతకుముందే 1990లో. ఎండ్రిన్ పేరు తెలుగువాళ్ళకి పురుగుల వల్ల తెలిసిందా, జిల్లా పేజీల్లో చావు వార్తల వల్ల తెలిసిందా అంటే చెప్పడం కష్టం. డీడీటీ పురుగుల్ని చంపుతుందని కనిపెట్టినందుకు పాల్ ముల్లర్‌కి 1948లో నోబెల్ ఇచ్చారు. అప్పటి నమ్మకం అలాంటిది. దీనికి వ్యతిరేకంగా మన వ్యాసకర్త దగ్గర వాదనేమీ లేదు, అతని దగ్గర ఉన్న కొలమానం ఒక్కటే: పనిచేసిందా, మన్నిందా. ఆ కొలమానం మీద గమాక్సిన్‌కి నూటికి నూరు మార్కులు. అది ఇంకా మన్నుతూనే ఉంది, మట్టిలో.

అన్నీ తిట్టడానికే ఏరుకొచ్చానని అనుకోకండి. అమృతాంజనం మీద రాసినవాటిలో కొన్ని నిజంగా బాగుంటాయి, కారణం సులువు. ఆ సీసా వెనక మనిషి ఉన్నాడని అందరికీ తెలుసు. కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో బొంబాయిలో దాన్ని మొదలుపెట్టారు. ఆ డబ్బుతోనే 1908లో ఆంధ్రపత్రిక వారపత్రికగా అక్కడే పుట్టింది, 1914లో మద్రాసులో దినపత్రికైంది, 1924లో భారతి వచ్చింది. ఆధునిక తెలుగు సాహిత్యంలో ఎంత భాగం తలనొప్పుల మీద బతికిందో ఆలోచిస్తే నవ్వొస్తుంది. పాఠకుల తలనొప్పి డబ్బులతో కవులు మళ్ళీ పాఠకులకి తలనొప్పి తెచ్చారని ఎవరో అనే ఉంటారు, అనకపోతే నేనంటాను. ఇలా వస్తువు వెనక మనిషి, డబ్బు, పత్రిక కనిపిస్తే వ్యాసం దానంతటదే లోతుగా వెళ్తుంది. అయినా అక్కడ కూడా, బామ్ రాసే చెయ్యి సాధారణంగా వ్యాసంలోంచి జారిపోతుంది. కర్పూరం, పుదీనా పువ్వు చేసే పని సగం. పడుకున్నవాడి నుదుటి మీద ఇంకొకరి బొటనవేలు చేసే పని ఎంత ఉందో, జ్వరం వచ్చి ఒంటరిగా పీజీ హాస్టల్లో తనకి తానే రాసుకున్నవాళ్ళని అడగండి.

మళ్ళీ క్రియల దగ్గరికి వస్తాను. ఇదంతా వ్యాకరణం మీద చాదస్తం అనిపించొచ్చు కాబట్టి, ఆ చాదస్తం ఎక్కడ పుట్టిందో చెప్పాలి.

కిరసనాయిలు పంపు స్టవ్ కూడా మన్నిక వ్యాసాలకి ఇష్టమైన వస్తువే. ఇత్తడి ట్యాంకు, మూడు కాళ్ళు, పిన్నుతో కన్నం పొడవడం, పంపు కొట్టగానే గుయ్యిమనే చప్పుడు, నీలి మంట. ఎంత గాలి వీచినా ఆరిపోయేది కాదు, ముప్ఫై ఏళ్ళు నిలిచేది, అంటారు. మరి 1980ల నాటి తెలుగు దినపత్రికలు తిరగేస్తే ఇదే స్టవ్ వేరే వాక్యంలో కనిపిస్తుంది. స్టవ్ పేలి వివాహిత మృతి. ఆ వాక్యం ఎన్నిసార్లు అచ్చయిందంటే, చదివేవాళ్ళకి అది ఒక రకం రోగం పేరులా అలవాటైపోయింది. 1978లో హైదరాబాద్‌లో మొదలైన స్త్రీశక్తి సంఘటన లాంటి సంఘాలు, ఢిల్లీలో, బొంబాయిలో వాళ్ళలాంటివాళ్ళు, ఆ కాలంలో వరకట్న చావుల గురించి వీధుల్లోకి వచ్చారు. అప్పుడు అందరి నోళ్ళలో నానిన ప్రశ్న చాలా చిన్నది. స్టవ్‌లు కోడళ్ళ చేతుల్లోనే ఎందుకు పేలతాయి? అత్తగారు కాఫీ కలుపుతుంటే ఎందుకు పేలవు?

ఇంజనీరుగా నాకు ఆ ప్రశ్నలో ఉన్న పదును ఇంకా ఎక్కువ కనిపిస్తుంది. ఒక పరికరం యాదృచ్ఛికంగా పాడవుతుంటే, అది వాడే మనిషి ఇంటి పెద్దా, కొత్త కోడలా అని చూసి పాడవదు. పాడవడంలో వయసు, పెళ్ళయిన ఏడాది, కట్నం బాకీ కనిపిస్తున్నాయంటే లోపం పరికరంలో లేదు. ఇక్కడ వస్తువు మోసం చెయ్యలేదు. వస్తువు మోసం చేసిందని మనుషులు అబద్ధం చెప్పారు. ఆ అబద్ధానికి సరిగ్గా సరిపోయే క్రియ తెలుగులో సిద్ధంగా ఉంది: పేలింది. అంటుకుంది. పేల్చారు, అంటించారు అన్న జంటలు పక్కనే ఉన్నా, పంచనామాలోకి, పత్రికలోకి ఎక్కింది కర్త అక్కర్లేని క్రియే. జాడీ పగిలితే కర్తని వెతికే ఇళ్ళు, మనిషి కాలిపోతే కర్త లేకుండానే వాక్యం ముగించాయి.

1983లో శిక్షాస్మృతిలోకి 498ఎ వచ్చింది, 1986లో 304బి. ఆ రెండోది ఏం చేసిందో నా మాటల్లో చెప్తే ఇలా ఉంటుంది. పెళ్ళయిన ఏడేళ్ళ లోపు ఒక స్త్రీ కాలిన గాయాలతోనో, అసహజంగానో చనిపోతే, అంతకుముందు కట్నం కోసం ఆమెని బాధించారని తేలితే, ఆ చావుకి కారణం భర్తా, అతని బంధువులే అని చట్టం అనుకుంటుంది. అంటే ‘అంటుకుంది’ అన్న వాక్యాన్ని కోర్టు ‘అంటించారు’ అని చదవడం మొదలుపెట్టింది, కాదని నిరూపించుకునే బరువు అవతలివాళ్ళ మీద పెట్టింది. వ్యాకరణం ఇంత దూరం వెళ్తుంది. పంపు స్టవ్ మీద నీలి మంట గురించి అందమైన పేరా రాసేవాళ్ళకి ఇదంతా రాయాల్సిన బాధ్యత ఉందా అని ఒక మిత్రుడు అడిగాడు. ప్రతి వ్యాసంలో అక్కర్లేదు. కానీ నేను చదివిన స్టవ్ వ్యాసాల్లో ఒక్కదాంట్లో కూడా లేకపోవడం మాత్రం నాకు మామూలు విషయంలా కనబడదు.

చిన్నప్పుడు మనందరికీ చెప్పిన పేరు మరిచిన ఈగ కథ గుర్తుకు తెచ్చుకోండి. ఇల్లు అలుకుతూ అలుకుతూ ఈగ తన పేరు మర్చిపోతుంది. పేదరాశి పెద్దమ్మని అడుగుతుంది, ఆమె కొడుకుని అడుగుతుంది, అతని చేతిలో గొడ్డలిని, గొడ్డలి కొట్టే చెట్టుని కూడా అడుగుతుంది. ఎవరికీ తెలియదు. చివరికి గుర్రం కడుపులో పిల్ల సకిలించి చెప్తుంది. పిల్లలం కాబట్టి సకిలింపు దగ్గర నవ్వేశాం. ఇల్లు అలికితే పేరు ఎందుకు పోవాలి అని ఎవరం అడగలేదు. పి. సత్యవతి ‘ఇల్లలకగానే’ కథలో అడిగింది. చదువుకున్న అమ్మాయి ఇల్లాలై, ఇంటిని అద్దంలా పెట్టుకోవడంలో మునిగి, ఒక రోజు తన పేరు గుర్తురాక నిలబడిపోతుంది. పనిమనిషికి ఆవిడ అమ్మగారు, పిల్లలకి అమ్మ, భర్తకి ఏమోయ్. సర్టిఫికెట్ల కోసం పుట్టింటికి వెళ్తే, పాత స్నేహితురాలు ఎదురై శారదా అని పిలుస్తుంది.

ఈ కథని విమల కవిత పక్కన పెట్టి చదవడం నాకిష్టం. అక్కడ గిన్నె మీద ఉన్న పేరు ఆమెది కాదు. ఇక్కడ ఆమె పేరు ఎక్కడా లేదు, చివరికి ఆమె నోట్లో కూడా. మన్నిక వ్యాసం ఈ రెండిటి మధ్యలో, తళతళలాడే గిన్నె పట్టుకుని నిలబడి ఉంది. సత్యవతి కథలో నన్ను ఎప్పుడూ ఆపేసే చోటు ముగింపు. శారద ఇంటికి తిరిగొస్తుంది. రెండు రోజులుగా ఎవరూ దులపని సోఫా ఉంటుంది. ఆమె దాని మీదే కూర్చుంటుంది. అంత శ్రద్ధగా కాపాడిన ఇల్లు రెండు రోజుల్లోనే దుమ్ము పట్టిందంటే, ఆ శుభ్రత సోఫాలో ఎప్పుడూ లేదు, రోజూ ఆమె చేతుల్లోంచి వచ్చేది. పది పేజీల వాదన అక్కర్లేకుండా ఆ దుమ్ము చెప్పేసింది. పైగా సోఫా అలాగే బాగానే ఉంది, కూర్చోవడానికి ఏ ఇబ్బందీ లేదు. ఈ రెండోది చెప్పడానికి ఇంకొంచెం ధైర్యం కావాలి. అన్ని వస్తువులూ అంతలా మన్నక్కర్లేదు అని సత్యవతి కంటే ముందు మనకి ఎంతమంది చెప్పారు?

అందుకని మన్నిక వ్యాసాలు ఆపెయ్యమని అడగడం లేదు. క్రియలు మార్చి రాయమంటున్నాను. కుక్కర్ మన్నింది అని రాసేముందు గాస్కెట్‌ని ఎవరు ఎన్నిసార్లు మార్చారో, ఎక్కణ్ణించి తెచ్చారో, తేవడానికి డబ్బులు ఎవరిని అడగాల్సి వచ్చిందో కనుక్కోండి. నేను అమ్మకి ఫోన్ చేసి అడిగాను. “వెధవ గాస్కెట్టు, ముప్ఫై రూపాయలు పెట్టి కొనమంటే మీ నాన్న ఇంకో నెల లాగించు అనేవారు, అందుకే ఆ పిండి మెత్తడం” అంది. గోధుమపిండి ముద్దని ఇన్నాళ్ళూ అమ్మ తెలివికి ఉదాహరణగా చెప్పుకుంటున్న కుటుంబం మాది. అది నిజంగానే తెలివి, కానీ ఆ ముద్దలో ఇంకో నెల ఉంది.

నా దగ్గర ఒక కోరిక ఉంది, సంపాదకులు కూడా చదువుతారు కాబట్టి ఇక్కడే పెడతాను. పాత సామాను మీద ప్రత్యేక సంచిక ఏదైనా వేస్తే, కళాయి వేసిన మనిషి ఎవరైనా ఇంకా ఉంటే వెతికి పట్టుకోండి. ఎన్ని ఊళ్ళు తిరిగారు, గిన్నెకి ఎంత తీసుకున్నారు, ఎవరు బేరమాడారు, ఎవరు మంచినీళ్ళిచ్చారు, ఆ పొగ ఇప్పుడు దగ్గులో ఎలా ఉంది అని అడిగి, ఆయన మాటల్లోనే వెయ్యండి. పక్కన ఒక ఫొటో కూడా. గిన్నెది వద్దు.